పంట నమోదు అప్లికేషన్లలో మోడల్ వ్యాలిడేషన్: సోమశిల ప్రాంతపు ఉదాహరణలతో ఒక వివరణ

పరిచయం

వ్యవసాయ విస్తరణ రంగంలో కాగితపు రిజిస్టర్ల స్థానాన్ని వెబ్ అప్లికేషన్లు క్రమంగా ఆక్రమించినవి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాగుచేసిన పంట, దాని విస్తీర్ణం, విత్తిన తేదీ మొదలైన వివరాలు ఈ-పంటలో నమోదవుతున్నవి. పంట నష్టానికి పెట్టుబడి రాయితీ, పంటల బీమా, ధాన్యం కొనుగోలు వంటివి ఆ నమోదుపై ఆధారపడి ఉన్నవి. ఇవి గాక పరిశోధనా స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు తమ క్షేత్ర ప్రదర్శనలకు, సర్వేలకు చిన్న చిన్న అప్లికేషన్లను స్వయంగా రూపొందించుకొంటున్నవి. వీటిలో చేరే ప్రతి అంకె సరైనదేనా అని సరిచూసే ప్రక్రియయే వ్యాలిడేషన్.

ఈ పనిని చాలామంది ప్రోగ్రామర్ల బాధ్యతగా భావిస్తారు. కాని ఏది సరైన విలువ, ఏది కాదు అని చెప్పగలిగినవారు పంటను, నేలను, ఋతువును ఎరిగినవారే. అందుచేత నియమాలను కూర్చే పని విస్తరణ శాస్త్రవేత్తదే. దానిని కోడ్‌గా మలచే పని మాత్రమే ప్రోగ్రామర్‌ది. ఈ వ్యాసంలో పైథాన్ భాషలో రూపొందిన జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను ఆధారంగా తీసుకొని, నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని సోమశిల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల వ్యవసాయ పరిస్థితుల నుండి ఉదాహరణలను గ్రహించి, ప్రత్యేక మోడల్ వ్యాలిడేషన్ ఎట్లు పనిచేస్తుందో వివరించడమైనది. ఇందులోని అప్లికేషన్ బోధన కొరకు ఊహించినది. ఏ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌ను గురించిన విమర్శయు కాదు.

ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను చేసే సరిచూత

జాంగోలో మోడల్ అనగా డేటాబేస్‌లోని ఒక పట్టికకు ప్రతిరూపం. ‘పంట నమోదు’ అనే మోడల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, రకం, విత్తిన తేదీ, నాటిన తేదీ, కోత తేదీ, దిగుబడి, అక్షాంశం, రేఖాంశం అనే గడులు ఉన్నవనుకొందాం. గడి తేదీకి సంబంధించినదని ప్రకటించిన వెంటనే ఫిబ్రవరి 30 వంటి విలువను ఫ్రేమ్‌వర్క్ తిరస్కరిస్తుంది. సంఖ్యల గడిలో అక్షరాలను అనుమతించదు. ఖాళీగా విడువరాదని చెప్పిన గడిని ఖాళీగా విడువనీయదు. కనిష్ఠ, గరిష్ఠ పరిమితులను కూడా ఒక పంక్తిలో చెప్పవచ్చును.

ఇవి సాధారణ నియమాలు. ఏ దేశంలోనైనా, ఏ రంగంలోనైనా ఒకే విధంగా వర్తిస్తాయి. అందువలననే వీటికి స్థానిక వ్యవసాయంలోని తప్పులు చిక్కవు. దీనికి ఒక ఉదాహరణ చూడవచ్చును. సోమశిల జలాశయం సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.3 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. క్షేత్ర సిబ్బంది ఈ రెండు అంకెలను తారుమారుగా నమోదు చేసినారనుకొందాం. అక్షాంశం 90 డిగ్రీలను మించరాదు, 79.3 మించలేదు. రేఖాంశం 180 డిగ్రీలను మించరాదు, 14.5 మించలేదు. సాధారణ నియమాల ప్రకారం రెండును చెల్లినవే. కాని ఆ వరి మడి అనంతసాగరం మండలం నుండి ఉత్తర ధ్రువ సమీపంలోని, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు చేరిపోతుంది. అక్షాంశం 13 నుండి 16 డిగ్రీల మధ్య, రేఖాంశం 78 నుండి 81 డిగ్రీల మధ్య ఉండవలెనన్న స్థానిక నియమాన్ని చేర్చినప్పుడే ఈ పొరపాటు పట్టుబడుతుంది. ఇట్లు అప్లికేషన్ అవసరాన్ని బట్టి మనం చేర్చే నియమాలనే ప్రత్యేక వ్యాలిడేషన్ అంటారు.

ప్రత్యేక నియమాలకు గల నాలుగు స్థానాలు

జాంగోలో ఒక నమోదును పూర్తిగా సరిచూసే పద్ధతి పేరు ‘ఫుల్ క్లీన్’. అది నాలుగు దశలను వరుసగా నడుపుతుంది.

మొదటి దశలో ఒక్కొక్క గడి విడివిడిగా సరిచూడబడుతుంది. పైన చెప్పిన అక్షాంశ నియమం ఇక్కడికి చెందినది. ఒక విలువను తీసుకొని, అది చెల్లనప్పుడు ‘వ్యాలిడేషన్ ఎర్రర్’ను లేవనెత్తే చిన్న ఫంక్షన్‌ను వ్రాసి గడికి జతచేస్తే సరిపోతుంది. అదే ఫంక్షన్‌ను ఇతర మోడళ్లలోను వాడుకొనవచ్చును.

రెండవ దశలో ఒక నమోదులోని గడులకు పరస్పర సంబంధం సరిచూడబడుతుంది. మోడల్‌లోని ‘క్లీన్’ అనే పద్ధతిలో ఈ నియమాలు వ్రాస్తారు. కోత తేదీ విత్తిన తేదీకి ముందు ఉండరాదన్నది ఇటువంటిది. రెండు తేదీలూ విడివిడిగా చూస్తే సరైనవే. కలిపి చూసినప్పుడే తప్పు తెలుస్తుంది. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి కలదు. మొదటి దశలో తప్పు దొరికినప్పటికీ జాంగో రెండవ దశను ఆపదు. కావున ‘క్లీన్’ నడిచే సమయానికి ఒక తేదీ ఖాళీగా ఉండవచ్చును. ఖాళీ విలువను తేదీతో పోల్చినచో వినియోగదారుకు సవరణ సూచన కనబడదు, అప్లికేషనే కుప్పకూలుతుంది. పోల్చే ముందు రెండు విలువలూ ఉన్నవా అని చూచుకొనడం తప్పనిసరి.

మూడవ దశలో ఒకే నమోదు రెండుమార్లు చేరకుండా చూడబడుతుంది. ఒకే కమతం, ఒకే కాలం, ఒకే పంట కలిసి రెండవసారి రారాదన్నది ఇందుకు ఉదాహరణ. నాలుగవ దశలో డేటాబేస్‌కు ప్రకటించిన నిబంధనలు ముందుగానే పరీక్షించబడతాయి. విస్తీర్ణం సున్నా కంటె ఎక్కువగా ఉండవలెనన్న నిబంధనను డేటాబేస్‌లోనే ఉంచినచో, అప్లికేషన్‌ను తప్పించుకొని వచ్చిన విలువను కూడా డేటాబేస్ ఆపగలదు.

కొలతలు: ఒకే అంకెకు పలు అర్థాలు

వ్యవసాయ గణాంకాలలో అధికమైన తప్పులకు మూలం కొలమానాలు. ఆంధ్రప్రదేశ్‌లో భూమిని ఎకరాలు, సెంట్లలో కొలుస్తారు. 100 సెంట్లు ఒక ఎకరం. తెలంగాణలో ఎకరాలు, గుంటలలో కొలుస్తారు. 40 గుంటలు ఒక ఎకరం. ‘2.20’ అని వ్రాసినది ఆత్మకూరులో రెండు ఎకరాల ఇరవై సెంట్లు. అదే వ్రాత తెలంగాణలో రెండు ఎకరాల ఇరవై గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు. రెండు రాష్ట్రాల సమాచారాన్ని ఒకే పట్టికలో చేర్చే పరిశోధకుడు కొలమానాన్ని వేరొక గడిలో నమోదు చేయించనిచో ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. కొలమానం తెలిసినప్పుడు మాత్రం ప్రత్యేక నియమం సులభం: గుంటల పద్ధతిలో చుక్క తరువాతి భాగం 39ని మించరాదు, 2.45 అని వ్రాస్తే అది సెంట్ల లెక్క అయి ఉండవలెను.

సెంట్లలోను ఒక చిక్కు ఉన్నది. రెండు ఎకరాల ఐదు సెంట్లను ‘2.5’ అని వ్రాయడం క్షేత్రస్థాయిలో సహజం. అప్లికేషన్ దానిని రెండున్నర ఎకరాలుగా గ్రహిస్తుంది. రైతుకు లేని 45 సెంట్లు చేరుతాయి. ఎకరాలకు ఒక గడి, సెంట్లకు ఒక గడి వేరుగా ఇచ్చి, సెంట్లు 0 నుండి 99 వరకు మాత్రమే ఉండవలెనని నియమించడం దీనికి తగిన పరిష్కారం. ఈ సందర్భంలో నియమం కంటె ఫారం రూపకల్పనయే ముఖ్యమని గుర్తించాలి.

దిగుబడి విషయంలో ‘పుట్టి’ ఇటువంటి సమస్యను కలిగిస్తుంది. నెల్లూరు జిల్లాలో ధాన్యం ధర పుట్టి లెక్కన చెబుతారు. ఇక్కడ పుట్టి 850 కిలోలు. ఎకరాకు మూడు పుట్లు పండినదని రైతు చెప్పినచో అది 2,550 కిలోలు, హెక్టారుకు సుమారు 6.3 టన్నులు. ‘టన్నులు, హెక్టారుకు’ అన్న గడిలో సిబ్బంది 3 అని వ్రాసినచో, కనిష్ఠ గరిష్ఠ పరిమితుల మధ్యనే ఉన్నందున ఏ నియమమూ దానిని ఆపదు. కాని మంచి పంట పండిన కమతం సగం కంటె తక్కువ దిగుబడితో నమోదవుతుంది. రైతు చెప్పిన అంకెను, రైతు చెప్పిన కొలతలోనే నమోదు చేసి, మార్పిడిని అప్లికేషన్‌కు అప్పగించడమే సరైన పద్ధతి.

కాలం: ఎడగారు పంట నేర్పే పాఠం

రాష్ట్ర స్థాయిలో నియమాలు కూర్చేవారు సాధారణంగా ఖరీఫ్‌కు జూన్ నుండి సెప్టెంబరు వరకు, రబీకి అక్టోబరు నుండి విత్తే గడువులను నిర్ణయిస్తారు. నెల్లూరు జిల్లా వరి ఈ చట్రంలో పూర్తిగా ఇమడదు. ఈ జిల్లాకు ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలది. అందువలన ప్రధాన వరి పంట అక్టోబరు తరువాతనే ఊపందుకొంటుంది. పెన్నానదిపై సుమారు 78 టి.ఎం.సి.ల నిల్వ సామర్థ్యంతో నిర్మించిన సోమశిల జలాశయంలో ఆ పంట తరువాత నీరు మిగిలినచో, వేసవిలో ఎడగారు పంట వేస్తారు. ఏప్రిల్, మే నెలలలో నార్లు పోసిన ఈ పంట ఖరీఫ్ గడువుకు ముందే పొలంలో ఉంటుంది; రబీకి చెందదు. ఎంత విస్తీర్ణానికి నీరు ఇచ్చేదీ సాగునీటి సలహా మండలి సమావేశంలో నిర్ణయిస్తారు.

‘విత్తిన తేదీ జూన్ 1కి ముందు ఉండరాదు’ అన్న నియమం ఎడగారు రైతు చెప్పిన నిజమైన తేదీని తిరస్కరిస్తుంది. అప్పుడు సిబ్బంది ముందు రెండే మార్గాలు ఉంటాయి: నమోదును వదలివేయడం, లేదా అప్లికేషన్ అంగీకరించే తేదీని వ్రాయడం. మొదటి మార్గంలో రైతు నష్టపోతాడు. రెండవ మార్గంలో శాస్త్రం నష్టపోతుంది. జూన్ 1న విత్తినట్లు నమోదైన వరి ఆగస్టులోనే కోతకు వచ్చినట్లు కనబడుతుంది. పంటకాలం, నీటి వాడకం, తెగుళ్ల ముందస్తు అంచనా మొదలైన విశ్లేషణలన్నీ ఆ తప్పుడు తేదీపై నిలబడతాయి. సరిచూత కొరకు పెట్టిన నియమమే అసత్యాన్ని పుట్టించినట్లవుతుంది.

దీనికి పరిష్కారం గడువులను కోడ్‌లో వ్రాయక, జిల్లా, పంట, కాలం వారీగా ఒక పట్టికలో ఉంచడం. వ్యాలిడేషన్ ఫంక్షన్ ఆ పట్టికను చూచి తీర్పు చెప్పాలి. నీటి విడుదల ఆలస్యమైన సంవత్సరంలో పట్టికను మార్చే అధికారం జిల్లా స్థాయి శాస్త్రవేత్తకు ఉండాలి. ప్రోగ్రామర్ కొరకు వేచియుండే అవసరం రారాదు.

పంటకాలం విషయంలోను ఇదే పద్ధతి వర్తిస్తుంది. 1937లో స్థాపితమైన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం నుండి వెలువడి నెల్లూరు మసూరిగా పేరొందిన ఎన్.ఎల్.ఆర్. 34449 రకం కాలపరిమితి, బాపట్ల నుండి వచ్చిన బి.పి.టి. 5204 కాలపరిమితి ఒకటి కావు. రెండింటికీ ఒకే గడువు పెట్టినచో అది రెండవదానికి చాలనిదిగానో, మొదటిదానికి మరీ ఎక్కువగానో ఉంటుంది. అట్లే నాటిన తేదీని తప్పనిసరి చేసినచో నేరుగా విత్తిన వరికి లేని నాట్ల తేదీని కల్పించవలసి వస్తుంది. సాగు పద్ధతి ‘నాట్లు’ అయినప్పుడే ఆ గడి తప్పనిసరి కావాలి.

విస్తీర్ణం, మిశ్రమ పంటలు, కౌలు రైతులు

ఒక సర్వే నంబరులో నమోదైన పంటల విస్తీర్ణం మొత్తం ఆ నంబరు విస్తీర్ణాన్ని మించరాదన్నది తరచుగా కనబడే నియమం. దీని అమలులో మూడు మెలకువలు అవసరం.

మొదటిది గణితానికి సంబంధించినది. కంప్యూటర్‌లోని సాధారణ దశాంశ సంఖ్యలు ద్విసంఖ్యామానంలో నిల్వ ఉంటాయి. ఆ పద్ధతిలో 0.1కి 0.2 కలిపితే 0.3 కంటె అతి స్వల్పంగా ఎక్కువ వస్తుంది. 30 సెంట్ల కమతంలో ఒకరు 10 సెంట్లు, మరొకరు 20 సెంట్లు నమోదు చేసినచో ‘విస్తీర్ణం మించినది’ అని అప్లికేషన్ తిరస్కరిస్తుంది. ఖచ్చితమైన దశాంశాలను నిల్వచేసే డెసిమల్ గడిని వాడడం, లేదా విస్తీర్ణాన్ని సెంట్ల పూర్ణసంఖ్యగా ఉంచడం ద్వారా దీనిని నివారించవచ్చును.

రెండవది సస్యశాస్త్రానికి సంబంధించినది. ఉదయగిరి పరిసరాల మెట్ట భూములలో కంది వంటి పంటను అంతర పంటతో కలిపి వేసినప్పుడు రెండు పంటలూ ఒకే నేలను పంచుకొంటాయి. రెండింటికీ పూర్తి విస్తీర్ణం వ్రాయడం తప్పు కాదు. మిశ్రమ సాగును సూచించే గడిని చేర్చి, ఒకే జట్టుకు చెందిన పంటలను ఒకసారి మాత్రమే లెక్కించాలి.

మూడవది ఏకకాలపు నమోదులకు సంబంధించినది. ఇద్దరు సహాయకులు ఒకే సర్వే నంబరులో ఒకే క్షణంలో నమోదు చేసినచో, ఒకరి నమోదు మరొకరి సరిచూతకు కనబడదు. రెండూ చెల్లినవిగా తేలి, మొత్తం మించిపోతుంది. సంకేతాలు అందని చోట ఫోన్‌లో దాచిన వివరాలు సాయంత్రం ఒక్కసారిగా చేరే పరిస్థితిలో ఇది అరుదు కాదు. మొత్తాన్ని లెక్కించే ముందు ఆ కమతపు వరుసను డేటాబేస్‌లో తాత్కాలికంగా బంధించి, నమోదు ముగిసిన తరువాత విడువాలి.

కౌలు రైతు విషయం మరింత సున్నితమైనది. సాగుదారు పేరు, పట్టాదారు పేరు ఒకటే కావలెనన్న నియమం కౌలు రైతును పూర్తిగా వెలివేస్తుంది. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం, 2019 ప్రకారం 11 నెలల కాలానికి సాగు హక్కు పత్రం ఇవ్వవచ్చును. కాని దానికి భూ యజమాని అంగీకారం కావాలి. ఆ పత్రం సంఖ్యను తప్పనిసరి గడిగా చేసినచో, పత్రం లేని కౌలు రైతు పండించిన పంట భూ యజమాని పేరున నమోదవుతుంది. పంట పోయినప్పుడు పరిహారం ఎవరికి చేరుతుందో చెప్పనవసరం లేదు. ఇటువంటి చోట తిరస్కారానికి బదులు ‘ధ్రువీకరణ కావలసి ఉన్నది’ అన్న స్థితితో నమోదును స్వీకరించి, క్షేత్ర పరిశీలనకు పంపడం ఉచితం.

తిరస్కారమా, హెచ్చరికా?

గణాంకశాస్త్రంలో సత్యమైన పరికల్పనను తిరస్కరించడాన్ని మొదటి రకం దోషమని, అసత్యమైన దానిని తిరస్కరించకపోవడాన్ని రెండవ రకం దోషమని విద్యార్థులు చదువుకొంటారు. వ్యాలిడేషన్ నియమానికీ ఈ రెండు దోషాలూ ఉన్నవి. నియమాన్ని బిగించినకొద్దీ తప్పుడు విలువలు తగ్గి, సరైన విలువల తిరస్కారం పెరుగుతుంది. ఏ దోషం ఎవరికి ఎంత నష్టం కలిగిస్తుందో తూచిన తరువాతనే హద్దును నిర్ణయించాలి.

ఆచరణలో నియమాలను రెండుగా విభజించుకొనడం మేలు. కోత తేదీ విత్తిన తేదీకి ముందుండడం, విస్తీర్ణం సున్నా కావడం వంటివి ఎన్నడూ జరుగనివి, వీటిని తిరస్కరించాలి. దిగుబడి అసాధారణంగా ఎక్కువ కావడం, గడువుకు వెలుపల విత్తడం వంటివి అరుదుగానైనా జరుగగలవి. వీటికి హెచ్చరిక చాలు. జాంగో మోడల్ వ్యాలిడేషన్‌లో తిరస్కారం మాత్రమే కలదు. హెచ్చరికకు ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. కావున ‘పరిశీలన స్థితి’, ‘కారణం’ అనే రెండు గడులను మోడల్‌లో చేర్చుకొని, హెచ్చరికలను అక్కడ నిల్వ చేయాలి. ఆ కారణాలే తరువాత నియమాలను సవరించడానికి ఆధారమవుతాయి.

సందేశపు భాష కూడా నియమంలో భాగమే. ‘చెల్లని విలువ’ అన్న సందేశం సిబ్బందికి ఏమీ నేర్పదు. ‘ఈ సర్వే నంబరు విస్తీర్ణం 1.20 ఎకరాలు, ఇప్పటికే 0.80 నమోదైనది; మిగిలినది 0.40 మాత్రమే’ అన్న తెలుగు సందేశం పొలం గట్టున నిలబడినవారికి తదుపరి కర్తవ్యాన్ని తెలుపుతుంది. జాంగోలో సందేశాన్ని ఏ గడికి సంబంధించినదో ఆ గడి పక్కనే కనబడునట్లు ఏర్పాటు చేయవచ్చును.

నియమాలను తప్పించుకొనే దారులు

చక్కని నియమాలు వ్రాసిన తరువాత కూడా పట్టికలో తప్పుడు విలువలు చేరడానికి ప్రధాన కారణం ఒకటి ఉన్నది. జాంగోలో ఒక నమోదును భద్రపరచే ‘సేవ్’ పద్ధతి తనంతట తాను ‘ఫుల్ క్లీన్’ను పిలువదు. మోడల్ ఆధారంగా తయారైన ఫారం ద్వారా వచ్చిన వివరాలు మాత్రమే సరిచూడబడతాయి. ఎక్సెల్ పట్టిక నుండి వేల వరుసలను ఒక్కసారిగా చేర్చే స్క్రిప్టు ఈ నియమాలను తాకకుండానే వెళ్లిపోతుంది. పెద్ద మొత్తంలో సృష్టించే, మార్చే ఆదేశాలు ‘సేవ్’ను కూడా పిలువవు. రైల్స్ అనే మరొక ఫ్రేమ్‌వర్క్‌లో సాధారణ ‘సేవ్’ సమయంలోనే వ్యాలిడేషన్ నడుస్తుంది. అయినను అక్కడ కూడా మూకుమ్మడి ఆదేశాలు దానిని దాటివేస్తాయి. ఫోన్ తెరపై చేసే సరిచూత వినియోగదారు సౌకర్యం కొరకే. అది సర్వర్‌లోని సరిచూతకు ప్రత్యామ్నాయం కాదు.

కావున దిగుమతి స్క్రిప్టులలో ప్రతి వరుసకు ‘ఫుల్ క్లీన్’ను స్పష్టంగా పిలవాలి. విఫలమైన వరుసలను పారవేయక, కారణంతో సహా వేరొక పట్టికలో ఉంచాలి. ఎన్నడూ ఉల్లంఘించరాని నియమాలను డేటాబేస్ నిబంధనలుగా కూడా ప్రకటించాలి.

పాత సమాచారాన్ని చేర్చేటప్పుడు కాలానుగుణమైన మార్పులను గమనించాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరినది. ‘ఈ మండలం ఈ జిల్లాలో లేదు’ అన్న నేటి నియమం 2015 నాటి సరైన నమోదును తిరస్కరిస్తుంది. రీసర్వే జరిగిన గ్రామాలలో పాత సర్వే నంబర్లకు బదులు ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చినందున, నంబరు రూపాన్ని సరిచూసే నియమం రెండింటినీ అంగీకరించాలి. ప్రతి నియమానికీ అది వర్తించే కాలాన్ని జతచేయడం ఉత్తమం.

పరీక్షలు, శాస్త్రవేత్తల పాత్ర

ప్రతి నియమానికి కనీసం మూడు పరీక్షలు వ్రాయాలి: చెల్లే విలువ, చెల్లని విలువ, హద్దుపై ఉన్న విలువ. గుంటల నియమానికి 2.20, 2.45, 2.39 ఇటువంటివి. వీటికి తోడు స్థానికమైన సరైన నమోదులను కొన్నింటిని సిద్ధం చేసుకోవాలి: ఏప్రిల్‌లో నారు పోసిన ఎడగారు వరి, నాట్ల తేదీ లేని నేరు విత్తనపు వరి, అంతర పంటతో కూడిన కంది, హక్కు పత్రం లేని కౌలు రైతు. ఏ కొత్త నియమాన్ని చేర్చినా ఈ నాలుగు నమోదులు నిరాటంకంగా స్వీకరించబడుతున్నవా అని చూడాలి. ఈ జాబితాను తయారుచేయగలిగినది ప్రోగ్రామర్ కాదు. మండలంలో తిరిగే విస్తరణ శాస్త్రవేత్త.

ముగింపు

ప్రత్యేక మోడల్ వ్యాలిడేషన్ సాంకేతికంగా కొద్ది పంక్తుల పని. అందులోని వివేకం మాత్రం క్షేత్రం నుండి రావాలి. ఒక గడికి సంబంధించిన నియమాన్ని గడికే జతచేయడం, పలు గడుల సంబంధాన్ని ‘క్లీన్’లో ఉంచడం, మార్పులేని నిబంధనలను డేటాబేస్‌కు అప్పగించడం, ఋతువును బట్టి మారేవాటిని పట్టికలో ఉంచడం, సందేహాస్పదమైన వాటిని తిరస్కరించక పరిశీలనకు పంపడం అనే ఐదు సూత్రాలను పాటించినచో నమోదు నమ్మదగినదవుతుంది. వ్యవసాయ గణాంక విద్యార్థులు తమ జిల్లా పంటల కాలపట్టికను, కొలమానాలను నియమాల రూపంలో వ్రాసి చూడడం మంచి అభ్యాసం. రైతు చెప్పిన నిజానికి చోటులేని ఫారం ఎంత పకడ్బందీగా తయారైనప్పటికీ అసంపూర్ణమైనదే.